కిటికీ పక్క తొమ్మిది చెట్లు

వీధిలో ఆమెను నిద్రమ్మ అనేవారు. పొద్దున తొమ్మిదిన్నరకే కర్టెన్లు లాగేసి పడుకునే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు మరి. కానీ నిజానికి ఆ వీధి మొత్తం మీద అందరికన్నా తక్కువ నిద్రపోయేది ఆమే.

ఆమెది పెద్దాసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ. వార్డుల దుప్పట్లు ఒక గుట్ట, ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు ఇంకో గుట్ట. వాటిని వేరు చేయడం, జేబుల్లో మరిచిపోయిన పెన్నులూ కత్తెరలూ ఏరడం, మిషన్లలో వేయడం, తీయడం, ఇద్దరు చెరో అంచూ పట్టుకుని తడి దుప్పటిని విదిలించి వేడి రోలరు కిందికి తోయడం. తెల్లారేసరికి భుజాలు తనవి కానట్టుండేవి. బ్లీచింగ్ నీళ్లకు అరచేతులు పొరలు పొరలుగా ఊడేవి.

ఏడింటికి డ్యూటీ దిగి ఎనిమిదికి ఇల్లు చేరేది. భర్త బస్సు డిపోలో మెకానిక్. ఆమె గడప లోపలికి వస్తుంటే అతను చెప్పులేసుకుంటూ ఉండేవాడు. "వచ్చావా?" "వెళ్తున్నారా?" వారంలో ఆరు రోజులు మొగుడూ పెళ్లాల మధ్య నడిచే సంభాషణ అంతే. కూతురికి జడలేసి బడికి పంపి, వంట ముగించి, గిన్నెలు తోమి, నడుం వాల్చేసరికి తొమ్మిదిన్నర. కళ్లు మూసిన గంటకల్లా కిటికీ బయటి నుంచి పిలుపు వచ్చేది.

"అమ్మాయ్! పడుకున్నావా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా మెలకువ వచ్చేసినట్టే కదా.

పిలిచేది భర్త అక్క. పక్కింట్లో అద్దెకుంటుంది. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఇవతల వీళ్ల పడకగది కిటికీ, అవతల ఆవిడ వంటింటి కిటికీ, సరిగ్గా ఎదురెదురు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఊరందరి మాటలూ కలిపిన మనిషికి రిటైరయ్యాక ఒక్కసారిగా మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. తను మాత్రం చేసుకోలేదు. రోజూ పదిన్నరకు వంట పొయ్యి మీద పెట్టి, గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేది. చెప్పడానికి పెద్ద విషయాలేం ఉండేవి కాదు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడు, మోకాలు మళ్లీ పట్టేసింది, రేడియోలో ఏదో చెప్పారు. గంట గడిచేది. అప్పటికి ఆమె నిద్ర కూడా గడిచిపోయేది.

"మీ అక్కకి ఒక మాట చెప్పకూడదూ?" అని భర్తను అడిగింది ఒక సెలవు రోజున.

"నేనా? నన్ను ఎత్తుకుని పెంచింది. మాట్లాడొద్దని ఏ నోటితో చెప్పను?"

"అయితే నేను చెప్పనా?"

"నువ్వు చెబితే ఇంకా బాగుండదు," అన్నాడతను, బనీను తగిలించుకుంటూ. "ఏదైనా వేరే ఉపాయం చూడు."

అలా ఉపాయం వెతుక్కుంటూ ఆమె నర్సరీకి వెళ్లింది. నర్సరీ పెద్దాయన ఒక వరస సైప్రస్ మొక్కలు చూపించాడు. మోకాలెత్తున, మెత్తగా, ఈకల్లాంటి ఆకుతో ఉన్నాయి. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయనీ, ఏటికి మూడడుగులు ఖాయంగా పెరుగుతాయనీ చెప్పాడు.

"ఆరడుగులకొకటి పెట్టు తల్లీ. నీ స్థలానికి ఐదు చాలు."

"ఐదు పెడితే ఎప్పటికి కలుస్తాయి?"

"నాలుగేళ్లనుకో."

"నాలుగేళ్లు మేలుకుని ఉండడం నా వల్ల కాదు. తొమ్మిది ఇవ్వండి."

పెద్దాయన నవ్వలేదు. తొమ్మిదీ బండిలో ఎక్కిస్తూ చెప్పాడు. "దగ్గర దగ్గరగా పెడితే తిండి కోసం కొట్టుకుంటాయి. సరే, నీ ఇష్టం. కానీ ఇవి ఆగమంటే ఆగే రకం కాదు. నీ తల దాటిన దగ్గర్నుంచీ ఏటా పైన కొయ్యాలి, పక్కలు కొయ్యాలి. పచ్చ ఉన్నంత వరకే కత్తెర పెట్టు. లోపల ఎండుకొమ్మ దాకా కోశావో, అక్కడ మళ్లీ చిగురు పెట్టదు."

మొక్కలు నాటుతుంటే గోడ మీంచి వదిన తొంగి చూసింది. "ఇవి దేనికమ్మాయ్?"

"దుమ్ము వదినా. కిటికీలోంచి ఒకటే దుమ్ము," అంది ఆమె, పాదులోంచి తల ఎత్తకుండా.

మొదటి వేసవి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. బయటి కుళాయి సన్నగా వచ్చేది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండా వంటింటి కుళాయి కింద బకెట్లు పట్టి మోసేది. మొక్కకు రెండు చొప్పున పద్దెనిమిది బకెట్లు. ఆసుపత్రిలో రాత్రంతా తడిగుడ్డలు మోసిన చేతులతోనే ఇంట్లో నీళ్లు. ఒక పొద్దున వచ్చేసరికి పాదులన్నీ అప్పటికే తడిసి ఉన్నాయి.

"నేనే పోశా," అంది వదిన గోడవతల నుంచి. "నా గొట్టం ఇటు అందుతోంది. నువ్వు పొద్దున్నే ఆ బకెట్లు మొయ్యడం చూడలేకపోయా. ఇక వేసవి అయ్యేదాకా నాకొదిలెయ్."

సరేనంది ఆమె. మనసంతా ఎలాగో అయిపోయింది. కానీ ఒళ్లు ఎంత అలిసిపోయి ఉందంటే, ఆ బాధ పడడానికి కూడా ఓపిక లేదు. వెళ్లి పడుకుంది. పదిన్నరకు మామూలే, పిలుపు.

మొక్కలు ఎదిగాయి. రెండో ఏడు గోడ దాటాయి. వదిన మొక్కల సందుల్లోంచి మాట్లాడేది. మూడో ఏడు సందులు మూసుకున్నాయి. వదిన ఇటుకల మీద నిలబడింది. కొన్నాళ్లకు ఇటుకలు చాలక బకెట్ బోర్లించుకుని దాని మీద నిలబడింది. ఆకుల పైన ఆవిడ కళ్లజోడూ నుదురూ మాత్రం కనిపించేవి. కూతురు అది చూసి పడీపడీ నవ్వేది. ఒకరోజు బకెట్ జారిన చప్పుడు వినిపించింది. "ఏం కాలేదు, ఏం కాలేదు!" అని వదినే అరిచింది. తర్వాత మరి పిలుపు రాలేదు.

మర్నాడు ఆమెకు మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఇంట్లో ఎవరికో ఏదో అయిందని కంగారుగా లేచి కూచుంది. ఏమీ కాలేదు. గదిలో పచ్చటి చీకటి, దూరంగా ఎక్కడో సైకిలు గంట. మళ్లీ పడుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆమె నిద్రపోయింది. మొహం తేటపడింది. లాండ్రీలో తోటిమనిషి, రోలరు మీద ఆమెతో జోడీగా దుప్పటి పట్టే ఆవిడ, "ఏంటి సంగతి? పదేళ్లు తగ్గావు," అంది. వదిన మాత్రం అప్పుడప్పుడూ సాయంత్రాలు వచ్చేది, అదీ తగ్గించింది. ఎప్పుడైనా వీధిలో ఎదురైతే, "బాగున్నావా అమ్మాయ్?" "బాగున్నా వదినా." అంతే. పెద్దతనం, మోకాళ్లు, అందుకే రావట్లేదని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఆ మాట పూర్తిగా నమ్మలేదు, కానీ నమ్మడం తేలిగ్గా ఉండేది.

ఇంతలో చెట్లు తమ పని తాము మొదలెట్టాయి. ఎండల్లో ఎర్రనల్లి పురుగు పట్టి ఆకు రాగిరంగుకు తిరిగింది. రోజూ నీళ్ల గొట్టం పెట్టి ఆకుల అడుగు భాగం కడిగితే తప్ప వదల్లేదు. ఇరుకుగా నాటినందువల్ల లోపలికి గాలీ వెలుతురూ లేక ఆకు ఎండిపోయేది. చేతులు దూర్చి ఆ ఎండు చెత్త దులిపితే జాకెట్టు లోపల, చెవుల్లో, జుట్టులో, అంతటా అదే. ఏటా కత్తిరించమన్నాడు పెద్దాయన. రెండేళ్లు కత్తిరించింది, స్టూలు ఎక్కి, ఆ తర్వాత నిచ్చెన ఎక్కి. తర్వాతి ఏడు కూతురికి పరీక్షలు. ఆ పై ఏడు భర్త డిపోలో టైరు ఎత్తబోయి నడుం పట్టేసి మంచమెక్కాడు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటుండగానే చెట్లు ఇంటి కప్పును దాటిపోయాయి. నిద్ర కోసం వేసిన చెట్లు ఆమె మేలుకున్న గంటలన్నీ తినేస్తున్నాయి. డ్యూటీ నుంచి వస్తూ వీధి మలుపులో వాటి తలలు కనిపించగానే ఆమెకు కాళ్లు పీకేవి.

ఎనిమిదో ఏడు ఒక రాత్రి, ఆమె డ్యూటీకి బయల్దేరే ముందు, భర్త అన్నం కలుపుతూ తలొంచుకుని చెప్పాడు. "అక్క ఇల్లు మారుతోందట. రెండు వీధుల అవతల గది చూసుకుంది."

"ఎందుకు?"

"వంటింట్లో వెలుతురు లేదంది."

కూతురు అప్పటికి కాలేజీకి వెళ్తోంది. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి అంది. "ఇన్నాళ్లకు తెలిసిందా మీకు? అత్త పట్టపగలు లైటేసుకుని కూరలు తరుగుతుంది. రెండేళ్ల నుంచి. నేను వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నా."

"మరి నాతో ఎప్పుడూ అనలేదేమే?"

"నువ్వెప్పుడు మేలుకుని ఉన్నావమ్మా, చెప్పడానికి?"

ఆ రాత్రి లాండ్రీలో ఆమె రెండుసార్లు దుప్పటి అంచు జారవిడిచింది.

పొద్దున ఇంటికి పోకుండా నేరుగా వదిన గుమ్మంలోకి వెళ్లింది. పగటిపూట ఆ ఇంట్లో అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో లెక్కకు అందలేదు. వదిన సామాన్లు సర్దుతోంది. వంటింట్లో బల్బు వెలుగుతోంది. కిటికీ నిండా చెట్ల వెనకవైపు, చిక్కటి గోడలా. ఆ కిటికీ కింద గోడకు చెమ్మపట్టి సున్నం పొక్కులు లేచింది. ఉతికిన బట్టలు కుర్చీల వీపుల మీద ఆరేసి ఉన్నాయి. టమాటా మొక్కల డబ్బాలు వాకిలి మెట్ల మీదకు చేరాయి. వాటిని అక్కడికి ఎత్తి పెట్టింది ఎవరని అడగలేదు, ఆ మోకాళ్లతో ఆవిడే ఒక్కొక్కటిగా మోసి ఉంటుందని తెలుస్తూనే ఉంది.

"టీ తాగుతావా?" అంది వదిన.

"చెట్లు ఇంత చీకటి చేశాయని నాకు తెలీదు వదినా."

"చూడ్డానికి బాగానే ఉంటాయిలే. పచ్చగా," అంది వదిన, న్యూస్‌పేపర్‌లో గిన్నె చుడుతూ.

కసురుకున్నా బాగుండేది. ఆమె టీ తాగకుండానే లేచి ఇంటికెళ్లి నిచ్చెన తీసింది. బట్టలైనా మార్చుకోలేదు. నిచ్చెనను గోడవతలికి దించి, వదిన పెరట్లోంచి ఎక్కింది. పెద్ద కత్తెరతో మొదలెట్టి, అది చాలక రంపం అందుకుంది. పచ్చ ఎక్కడ అయిపోతోందో, ఎండుకొమ్మ ఎక్కడ మొదలవుతోందో ఆమెకు తెలుసు. పెద్దాయన మాట కూడా గుర్తుంది. అయినా చెయ్యి ఆగలేదు. ఒక చెట్టయింది, రెండోదయింది. కొమ్మలు కింద కుప్ప పడుతుంటే వంటింటి కిటికీ మీద ఎండ కొంచెం కొంచెంగా పాకింది.

"దిగు," అంది కింది నుంచి వదిన.

ఆమె దిగలేదు.

"రాత్రంతా పనిచేసి వచ్చి నిచ్చెన ఎక్కుతారా ఎవరైనా? పడి చస్తావు. దిగమంటున్నానా!"

నాలుగో చెట్టు దగ్గర ఆమె నిచ్చెన మెట్టులోకి మోచెయ్యి దూర్చి, క్షణం ఊపిరి తీసుకుందామని తల ఆనించింది. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఎంతసేపైందో తెలియదు. తెరిచేసరికి రంపం కింద గడ్డిలో పడి ఉంది. వదిన రెండు చేతులతో నిచ్చెన కాళ్లు అదిమి పట్టుకుని నిలబడి ఉంది, మొహం ఎర్రగా కందిపోయి.

"లేచావా?" అంది వదిన. "కదలకు. మెల్లిగా మెలకువ తెచ్చుకో. అరిస్తే ఉలిక్కిపడి పడతావని నోరు మూసుకుని నిలబడ్డా."

ఆమె దిగలేదు. కింద ఆవిడ మొహం చూస్తూ చెప్పలేని మాట, ఎదురుగా కొమ్మల్ని చూస్తూ చెప్పింది.

"దుమ్ముకి కాదు వదినా. నిద్ర కోసం వేశా. మీరు రోజూ పిలుస్తుంటే నాకు నిద్ర ఉండేది కాదు."

కింది నుంచి వదిన గొంతు వచ్చింది. "ఆ ముక్క అప్పుడే చెప్పలేకపోయావా?"

"మీరేమనుకుంటారో అని."

"ఏమనుకునేదాన్ని? నాలుగు రోజులు మొహం మాడ్చుకునేదాన్ని. ఐదో రోజు సాయంత్రం వచ్చేదాన్ని." నిచ్చెన కొంచెం కదిలింది, ఆవిడ చేతులు మార్చుకుంది. "దీనికి తొమ్మిది చెట్లా?"

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటిలో దేనికీ ఓపిక లేక ఊరికే ఉండిపోయింది.

"నేను మాత్రం నోరు తెరిచి అడిగానా?" అంది వదిన మళ్లీ. "నా మొహం చూడ్డం ఇష్టం లేక కట్టిన గోడ అనుకున్నా. ఈ వయసులో ఇంకొకరి మీద ఎందుకు పడి ఉండడం అని ఊరుకున్నా. నీళ్లు పోసింది కూడా నేనేనాయె."

"తెలుసు వదినా."

"తెలుసని నాకూ తెలుసు. ఇక దిగు, నా చేతులు పోతున్నాయి."

దిగాక ఆ పగలు ఆమె వదిన ఇంట్లోనే పడుకుంది, సర్దిన పెట్టెల మధ్య చాప మీద. వదిన పొయ్యి దగ్గర పని చేసుకుంటూ ఒక్కసారి కూడా పలకరించలేదు. కానీ గిన్నెలు దించినప్పుడల్లా చప్పుడవుతూనే ఉంది. ఆమెకు అరగంటకోసారి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడింది.

ఇల్లు మారడం మాత్రం ఆగలేదు. వదిన అప్పటికే మాట ఇచ్చేసింది. పైగా ఆ కొత్త గదిలో ఎండ బాగా పడుతుందనీ, మెట్లు తక్కువనీ, కింద కుట్టుమిషన్ల దుకాణంలో రోజంతా మనుషులుంటారనీ చెప్పింది. తమ్ముడు డిపో బండి అడిగి తెచ్చి సామాన్లు చేరవేశాడు. ఆ సాయంత్రం ఖాళీ వంటింట్లో ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీద పడింది. దాన్ని వాడుకునే మనిషి అక్కడ లేదు. ఆమె చీపురు పట్టుకుని ఆ గదిలో కాసేపు నిలబడింది.

నర్సరీ పెద్దాయనను పిలిపించారు. అతను చెట్లకు అటువైపు వెళ్లి, కోసిన నాలుగింటినీ వేలితో గీరి చూశాడు. ఆ పక్కంతా గోధుమరంగు పుల్లలే, దువ్వెన పళ్లలాగా.

"చెప్పాను కదా తల్లీ."

"చెప్పారు. గుర్తుంది కూడా."

"గుర్తుండీ కోశావా?"

ఆమె కింద పడిన ఎండుపుల్లలు ఏరసాగింది. పెద్దాయన ఇంకేం అడగలేదు. నాలుగూ తీసేయమన్నాడు. మిగిలిన ఐదింటికి ఇప్పుడు కాస్త ఊపిరాడుతుందనీ, పైభాగం దశలవారీగా, ఏటికి కొంచెం చొప్పున దించుకుంటూ రావాలనీ చెప్పాడు. ఇంటి కప్పును దాటనివ్వొద్దన్నాడు. నాలుగు మొద్దులూ పెకలించడానికి భర్తకు మూడు సెలవులు పట్టాయి. ఇరుకులో వేళ్లు ఒకదాన్నొకటి అల్లుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని లాగితే పక్కచెట్టు కదిలేది. గొడ్డలి పక్కన పెట్టి అతను చెమట తుడుచుకుంటూ అన్నాడు. "నేనే ఆ రోజు అక్కతో చెప్పి ఉండాల్సింది."

"ఇప్పుడెందుకవన్నీ," అంది ఆమె. నిజంగానే ఆమెకు ఎవరి మీదా కోపం లేదు. కోపం తెచ్చుకోవాలంటే కూడా కాస్త ఓపిక కావాలి.

పక్కింట్లోకి కొత్తవాళ్లు వచ్చారు. చెట్ల వరసలో ఇప్పుడు ఖాళీ ఉంది కాబట్టి వాళ్ల పిల్లల అల్లరి సగం వినిపిస్తుంది, సగం వినిపించదు. మూడో రోజే ఆమె వెళ్లి గుమ్మంలో నిలబడి, తనది రాత్రి డ్యూటీ అనీ, పదింటి నుంచి రెండింటి దాకా కిటికీవైపు పిలవొద్దనీ చెప్పి వచ్చింది. చెప్పడానికి అర నిమిషం పట్టింది. వాళ్లు అలాగేనన్నారు. నాలుగు రోజులు బాగానే ఉన్నారు, తర్వాత బంతి గోడకు తగలడం మొదలైంది. మళ్లీ వెళ్లి చెప్పింది.

వదిన దగ్గరికి వారానికోసారి వెళ్తుంది. వెళ్లినప్పుడల్లా ఆవిడ కింది దుకాణం సంగతులన్నీ చెబుతుంది. ఎవరి మిషన్ ఎవరు పాడుచేశారో, ఎవరితో ఎవరికి పడదో. ఆమె వింటూ వింటూ ఒక్కోసారి కునుకు తీస్తుంది. వదిన ఆపకుండా చెబుతూనే ఉంటుంది.

చెట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే రోజు వదిన కళ్లజోడు తుడుచుకుని నడిచి వస్తుంది. పెరట్లో కుర్చీ వేయించుకుని కూచుని, ఎక్కడ ఎక్కువ కోశారో, ఎక్కడ వంకర వచ్చిందో కింది నుంచి చెబుతుంది. తమ్ముడు నిచ్చెన పట్టుకుంటాడు. ఆమె ఇప్పుడు పచ్చ ఉన్నంత వరకే కోస్తుంది, ప్రతి కొమ్మా వేళ్లతో విడదీసి చూసుకుని. అందుకని చాలాసేపు పడుతుంది.

పనయ్యాక పడిన కొమ్మలన్నీ పాత దుప్పటిలో మూటకట్టి, ఆమె ఒక కొసా భర్త ఇంకో కొసా పట్టుకుని వీధి చివర చెత్తకుండీ దాకా ఈడ్చుకెళ్తారు. నాలుగైదు మూటలవుతాయి. మూడో మూట తర్వాత ఇద్దరూ అక్కడే రోడ్డు అంచున కూలబడతారు. చేతులకు బంక అంటుకుని ఉంటుంది, జుట్టులో ఆకు తుక్కు.

"ఇంకెన్ని?" అంటాడు భర్త.

"రెండు," అంటుంది ఆమె. కానీ వెంటనే లేవదు.